నాన్న నొప్పి నాకొచ్చింది: ఆయుర్వేదంతో నా అనుభవం

నాన్న జీవితంలో ఒక్కసారి కూడా తాగలేదు. అయినా మా ఊళ్ళో సగం మంది ఆయన్ని చాటుగా తాగేవాడనే అనుకున్నారు. ఏడాదికి రెండు మూడు సార్లు పొట్ట పైభాగాన్ని పట్టుకుని మెలికలు తిరుగుతూ ఆస్పత్రిలో చేరేవాడు. ప్రతిసారీ డ్యూటీ డాక్టరు అడిగే మొదటి మాట "ఎంత తాగుతావు?" అనే. తాగనంటే ఒక నవ్వు నవ్వేవారట. కొన్నాళ్ళు తనకీ అనుమానం ఉండేదని అమ్మ ఈ మధ్యే ఒప్పుకుంది. నలభై దాటకముందే నాన్నకి షుగరు వచ్చింది, బరువు తగ్గిపోయాడు, యాభై రెండేళ్ళకి పోయాడు. రోగం పేరు ఆయనకి తెలియనే లేదు.

నాకు అదే నొప్పి 2009లో, పంతొమ్మిదో ఏట వచ్చింది. రొమ్ము ఎముక కింద మొదలై నేరుగా వీపులోకి దూసుకుపోయింది. వెల్లకిలా పడుకుంటే భరించలేం. ముందుకు వంగి, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంటే కాస్త నయం. నాన్న కూడా మంచం మీద అలాగే కూర్చునేవాడు. రక్తంలో లైపేజ్ అనే ఎంజైమ్ ఉండాల్సిన దానికి మూడు రెట్లు దాటితే క్లోమం, అంటే ప్యాంక్రియాస్, వాచినట్టు లెక్క. నాది పది రెట్లు పైనే ఉంది. ఆడపిల్లని కాబట్టి మందు సంగతి కాస్త మొహమాటంగా అడిగారు. అడగడం మాత్రం మానలేదు.

జన్యు పరీక్ష చేయించింది 2019లో. క్లోమం మాంసకృత్తుల్ని అరిగించే రసాన్ని నిద్రావస్థలో తయారు చేస్తుంది, అది పేగులోకి వెళ్ళాకే మేల్కోవాలి. ఒక్కోసారి క్లోమంలోనే మేల్కొంటుంది. అప్పుడు దాన్ని పట్టి ఆపడానికి బ్రేకు లాంటి ప్రొటీన్ ఒకటుంటుంది. దాన్ని తయారు చేయించే జన్యువు పేరు స్పింక్1. అందులో ఎన్34ఎస్ అనే మార్పు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా నూటికి ఒకరిద్దరిలో కనిపిస్తుంది, ఒక కాపీ ఉంటే చాలామందికి జీవితమంతా ఏమీ కాదు. నాకు రెండు కాపీల్లోనూ ఉంది. మన దేశంలో రాళ్ళతో వచ్చే క్లోమం జబ్బుకీ ఈ జన్యువుకీ ఉన్న సంబంధాన్ని 2002లో పేపరుగా రాసిన వాళ్ళలో మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలున్నారని కౌన్సెలింగులో చెబితే, ఎందుకో కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ తర్వాత కౌన్సెలింగు చేసినావిడ కాగితం మీద మా వంశవృక్షం గీసింది. అమ్మ నాన్నకి సొంత మేనమామ కూతురు. నాన్న అమ్మానాన్నలదీ మేనరికమే. కాగితం మీద గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతుంటే ఆవిడ పెన్ను ఆపి నా మొహం చూసింది. నాన్న లేరు కాబట్టి తేల్చి చెప్పలేం, కానీ ఆయనకి రెండు కాపీలూ, అమ్మకి ఒకటీ ఉండి ఉంటాయంది. తమ్ముడికి ఒకటే వచ్చింది, వాడు హాయిగా ఉన్నాడు.

మధ్యలో పదేళ్ళ ఆస్పత్రి కథ క్లుప్తంగా చెప్పేస్తాను. క్లోమనాళంలో రాళ్ళు, బయటి నుంచి షాక్ తరంగాలతో వాటిని పొడి చేయడం, ఎండోస్కోపీతో స్టెంట్ వేయడం, తీయడం, మళ్ళీ వేయడం. తిన్నది అరగడానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ రాశారు. అవి పంది క్లోమం నుంచి తీసినవని తెలిసి అమ్మ రెండు రోజులు పూజగదిలోకి నన్ను రానివ్వలేదు, మూడో రోజు తనే డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. ఇన్ని చేసినా ఏడాదికి నాలుగుసార్లు ఆస్పత్రి మంచం తప్పలేదు.

2021లో ఇంటిల్లిపాదీ ఒకటే మాట: "ఇంగ్లీషు మందులు చాలు, ఆయుర్వేదం చూపిద్దాం." పిన్ని పంపిన వీడియోలో ఒకాయన, పుట్టుకతో వచ్చిన క్లోమం జబ్బు కూడా మూడు నెలల్లో వేళ్ళతో సహా పోతుందన్నాడు. వెళ్ళాం. నాడి పట్టుకున్నాడు, ఫైలు తెరవలేదు. నల్లటి పొడి పొట్లాలు ఇచ్చాడు. పొట్లం మీద పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఏం కలిసిందో లేదు. "ఏముంది ఇందులో?" అంటే "వంశపారంపర్య యోగం" అన్నాడు. నా రోగమూ వంశపారంపర్యమే కదా, సరిపోయిందిలే అనుకున్నాను. అప్పటికి నాకు నవ్వే ఓపిక ఉంది. ఎంజైమ్ క్యాప్సూల్స్ మాత్రం ఆపేయమన్నాడు, అవి వేసుకుంటుంటే తన మందు పనిచేయదట.

ఆపేశాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద తప్పు ఇది. మూడు వారాల్లో విరేచనం జిగటగా, నీళ్ళ మీద నూనెలా తేలడం మొదలైంది. తిన్న కొవ్వు తిన్నట్టే బయటికి పోతోంది. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. "దోషాలు బయటికి పోతున్నాయి" అన్నాడాయన. తర్వాత పంచకర్మ అన్నాడు. విరేచనం చేయించే ముందు కొన్ని రోజులు పొద్దున్నే నెయ్యి తాగిస్తారు, రోజురోజుకీ మోతాదు పెంచుతూ. మంచి క్లోమం ఉన్నవాడికే అది పరీక్ష. నాకు మూడో రోజు గ్లాసు తాగిన నాలుగు గంటలకి నొప్పి మొదలైంది. ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను.

ఆ ఐదు రోజుల్లో మా గ్యాస్ట్రో డాక్టరుగారు తిట్టలేదు. పొట్లం అడిగి చూసి, రక్తంలో సీసం పరీక్ష రాశారు. డెసిలీటరుకి 5 మైక్రోగ్రాముల లోపు ఉండాల్సింది నాకు 28 వచ్చింది. సీసం ఎక్కువైతే కడుపునొప్పి వస్తుందని అప్పుడే తెలిసింది. అంటే ఆఖరి నెలలో నేను పడ్డ నొప్పిలో ఎంత క్లోమానిదో, ఎంత ఆ మందుదో ఎవరూ చెప్పలేరు. 2008లో అమెరికాలో ఇంటర్నెట్లో కొన్న 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే ఐదోవంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని, రసౌషధాల్లో, అంటే లోహాలు, ఖనిజాలు కలిపి చేసేవాటిలో, ఆ వంతు ఇంకా ఎక్కువని ఆయన చెప్పారు. విరుగుడు మందు అవసరం పడలేదు. పొట్లాలు ఆపాక ఆరు నెలలకి అది 9కి దిగింది.

ఇంత జరిగాక మళ్ళీ ఆయుర్వేదం గడప ఎందుకు తొక్కావని నన్ను చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే, ఇటు పక్క కూడా నాకు మిగిలింది ఏమీ లేదు. స్టెంటు తీశారు, రాళ్ళు కొన్ని ఉండిపోయాయి, నొప్పి వస్తే రమ్మన్నారు. నొప్పికీ నొప్పికీ మధ్య ఎలా బతకాలో, ఏం తినాలో, ఎప్పుడు తినాలో పది నిమిషాల ఓపీలో ఎవరు చెబుతారు? అప్పుడే ఆఫీసులో ఒకావిడ ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలో ఎండీ చేసిన పెద్దావిడ గురించి చెప్పింది. 2022 జూన్‌లో వెళ్ళాను.

ఆవిడ మొదట నాడి పట్టుకోలేదు. ఫైలు మొత్తం బల్ల మీద పరిచింది. జన్యు పరీక్ష రిపోర్టు దగ్గర ఆగి, "ఇది నయం చేస్తానని ఎవరైనా అన్నారా?" అంది. అన్నారని చెప్పాను. "మరి చరకుడు కూడా అననిది వాళ్ళెలా అన్నారమ్మా?" అంది.

అప్పుడు చెప్పింది. చరక సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహం, అంటే షుగరు లాంటి మూత్ర రోగాల గురించి చెప్పేచోట, మధుమేహి బిడ్డకి పుట్టుకతో వచ్చిన ప్రమేహం బీజదోషం వల్ల వస్తుంది కాబట్టి సాధ్యం కాదంటాడు. ఆ వెంటనే, కులజమైన వికారాలు ఏవున్నా అవీ అసాధ్యాలేనంటాడు. "కులజ" అనగానే నేను కాస్త ఉలిక్కిపడ్డాను. "ఆ కులం కాదు తల్లీ, వంశం" అని నవ్వింది. సుశ్రుతుడు కూడా తల్లిదండ్రుల బీజం నుంచి వచ్చేవాటిని ఆదిబలప్రవృత్తాలని వేరే వరసలో పెట్టాడట. నాకు ఆ క్షణంలో దుఃఖం రావాలి. వింతగా, ఊపిరి పీల్చుకున్నట్టయింది. పదమూడేళ్ళలో ఈ వైద్యం వైపు నుంచి నాతో నిజం మాట్లాడిన మొదటి మనిషి ఆవిడ.

"అయితే నేనెందుకొచ్చినట్టు?" అని అడిగాను. సాధ్యానికీ అసాధ్యానికీ మధ్య యాప్యం అని ఒకటుంది అంది. పోదు, కానీ పథ్యం, మందు సాగినన్నాళ్ళు అణిగి ఉంటుంది. కూలబోయే ఇంటికి గుంజ పెట్టినట్టు. "గుంజ పెడతాను. ఇల్లు కొత్తది కట్టను" అంది.

క్లోమం గురించి కూడా ఒక సంగతి చెప్పింది. మనం తెలుగులో ప్యాంక్రియాస్‌ని క్లోమం అంటాం, బడి పుస్తకాల్లో అలాగే చదువుకున్నాం. చరకుడి క్లోమం మాత్రం అంగిలితో పాటు ఒంట్లో నీళ్ళని మోసే స్రోతస్సులకి, అంటే దారులకి, మూలం, దప్పికకి సంబంధించింది. అది ఈ గ్రంథే అని కొందరు, కాదని కొందరు పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. "అందుకే నేను అవయవం పేరు పట్టుకుని వైద్యం చేయను. నీ నొప్పి తిన్నది అరిగే వేళకి వస్తోంది, కాబట్టి పరిణామశూల దారిలో చూస్తాను. విరేచనం పోతోంది, కాబట్టి గ్రహణి, అంటే అరుగుదల చెడిన జబ్బు దారిలో చూస్తాను."

ఆ రోజే మా గ్యాస్ట్రో డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన మొదట ముభావంగా మాట్లాడారు, స్పీకర్లో నేను విన్నాను. కానీ ఆవిడ "క్యాప్సూల్స్ నేను ఆపను, మీరు రాసిన పరీక్షలు ఒక్కటీ మానిపించను, నేనిచ్చే ప్రతి మందు పేరూ ఒక నోటు పుస్తకంలో రాసి మీకు పంపిస్తాను" అనేసరికి గొంతు మారింది. లోహాలు, పాదరసం ఉన్న రసౌషధాలు వద్దని ఆయన అడిగారు. సీసం దిగేదాకా తనే ఇవ్వనంది ఆవిడ, దిగాక కూడా ఇవ్వలేదు. జ్వరం, ఆగని వాంతులు, తగ్గని నొప్పి, ఈ మూడింటిలో ఏది వచ్చినా తన దగ్గరికి కాదు, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలని అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసింది.

ఇద్దరికీ గొడవ వస్తుందని నేను భయపడ్డ చోటు ఒకటే, తిండి. ఆస్పత్రి డైటీషియన్ నెయ్యి, నూనె పూర్తిగా మానొద్దని, బరువు పడిపోతుందని, క్యాప్సూల్స్ సరిపడా వేసుకుని తినమంది. ఆయుర్వేదంలో ఇలాంటి చోట మొదటి మాట లంఘనం, అంటే కడుపుకి విశ్రాంతి. నేను ఆవిడ కూడా అదే అంటుందనుకున్నాను. బరువు చూసే యంత్రం మీద నిలబెట్టింది. 41 కిలోలు. "నీకు లంఘనమేంటి, ఇప్పటికే ఎండిపోయావు" అని ఆ మాట కొట్టేసింది.

మూడు వారాలు వైద్యశాలలోనే ఉన్నాను. ఇనప మంచం, ఎదురుగా వేపచెట్టు, పక్క మంచం మీద కీళ్ళనొప్పుల బామ్మగారు. ఆవిడ కునుకు తీస్తూ కూడా కోడలి గురించే మాట్లాడేది. మొదటి రెండు రోజులు పేయ, అంటే బియ్యం పలుచగా ఉడికించిన జావ. తర్వాత విలేపి, అదే కొంచెం చిక్కగా, నీళ్ళు తక్కువగా. ఐదో రోజు నుంచి పెసరకట్టు, దాన్నే యూషం అంటారు. తర్వాత మెత్తటి అన్నం, పొట్లకాయ, బీరకాయ. వెన్న తీసిన చల్ల పూటకో గ్లాసు. గ్రహణికి తక్రాన్ని, అంటే ఈ మజ్జిగని, మించింది లేదని చరకుడే మెచ్చుకున్నాడట. మా నాన్న ఏ వైద్యుడూ చెప్పకుండానే మజ్జిగ మీదే బతికేవాడు, అది గుర్తొచ్చింది.

రోజుకి ఐదుసార్లు, కొంచెం కొంచెంగా, గడియారం చూసి. ఏడున్నర, పదిన్నర, ఒంటిగంట, నాలుగున్నర, ఏడు. ఏడు తర్వాత ఏమీ లేదు. ప్రతి పూటా మొదటి ముద్దతో ఒక క్యాప్సూల్, సగం తిన్నాక ఇంకొకటి. ఇక్కడొక సిగ్గుపడే సంగతి చెప్పాలి. పన్నెండేళ్ళుగా నేను ఆ క్యాప్సూల్స్ తిండికి అరగంట ముందు, షుగరు మాత్రల్లా వేసుకుంటున్నాను. అన్నంతో కలిసి కిందికి వెళ్ళాల్సిన మందు ఒంటరిగా ముందే వెళ్ళిపోతోంది. ఎంజైమ్ మందు సరిగ్గా వేసుకోవడం నాకు నేర్పింది ఒక ఆయుర్వేద వైద్యురాలు. గ్యాస్ట్రో డాక్టరుగారికి చెబితే తల పట్టుకున్నారు.

మందులు తక్కువే. ఉసిరిక చూర్ణం, శతావరి, అతిమధురం కొంచెం, శంఖ భస్మం చిటికెడు. ప్రతి సీసా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్, తేదీ, పదార్థాలు ఉన్నాయో లేదో నాతోనే చదివించేది. శంఖ భస్మం సున్నమే కాబట్టి దాన్ని మొదలుపెట్టే ముందు రక్తంలో కాల్షియం చూపించింది. కాల్షియం ఎక్కువుంటే క్లోమం వాచే ప్రమాదం ఉందట. అతిమధురం ఆరు వారాలకే ఆపేసింది, ఎక్కువ కాలం వాడితే బీపీ పెరుగుతుందని. నెయ్యి తాగడం లేదు, వమనం అనే వాంతి చేయించడం లేదు, విరేచనం చేయించడం లేదు. మా మావయ్య చూడటానికొచ్చి "పంచకర్మ లేకుండా ఇదేం ఆయుర్వేదం, ఆస్పత్రి జావే కదా" అని పెదవి విరిచాడు. అవును, జావే.

పదో రోజు రాత్రి నొప్పి వచ్చింది. తేలికపాటిదే. నర్సు వేడినీళ్ళ సంచి ఇచ్చింది, డ్యూటీ డాక్టరు వచ్చి నాడి, బీపీ, జ్వరం చూసి, గంటలో తగ్గకపోతే అంబులెన్సు అని చెప్పి అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నలభై నిమిషాల్లో తగ్గింది. ఆ నలభై నిమిషాలూ నాకు టెన్షన్, ఆయనకి కూడా, మొహం చూస్తే తెలిసింది.

ఇప్పటికి మూడేళ్ళు దాటింది. లెక్కలు ఇవీ. ఏడాదికి నాలుగుసార్లు ఆస్పత్రిలో చేరేదాన్ని, మొదటి ఏడాది ఒక్కసారి, రెండో ఏడాది ఒక్కసారి, మూడో ఏడాది లేదు. బరువు 41 నుంచి 47కి వచ్చింది. విరేచనం గట్టిపడింది. ఇదంతా విన్న వాళ్ళు "చూశావా, ఆయుర్వేదం!" అంటారు. మిగతా లెక్కలు కూడా వినండి. మలంలో ఎలాస్టేజ్ అని ఒక పరీక్షుంది, క్లోమం ఎంత రసం చేస్తోందో చెబుతుంది. 200 పైన ఉండాలి, 100 లోపుంటే బాగా తక్కువ. నాది వైద్యశాలలో చేరే ముందు 62, పోయిన నెల 58. స్కానులో రాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. మూడు నెలల షుగరు సగటు 5.6 నుంచి 6.1కి పెరిగింది, అంటే నాన్న దారిలో ఇంకో అడుగు. జన్యువు సంగతి అడగక్కర్లేదు.

మరి నొప్పి ఎందుకు తగ్గింది? సీసం దిగింది. క్యాప్సూల్స్ సరిగ్గా పడుతున్నాయి. వేళకి తింటున్నాను, రాత్రి పదకొండుకి బిర్యానీ తినడం లేదు. ఉసిరిక పనిచేసిందేమో. లేదా ఈ జబ్బు పాతబడ్డ కొద్దీ కొందరిలో నొప్పి దానంతటదే పలచబడుతుందంటారు, అదేనేమో. ఆవిడనే అడిగాను. "నీ ఒక్కదాన్ని చూసి నేను చెప్పలేనమ్మా, చెబితే అబద్ధమవుతుంది" అంది. మా గ్యాస్ట్రో డాక్టరు కూడా దాదాపు అదే మాట ఇంగ్లీషులో అన్నారు. ఇద్దరూ ఇప్పుడు పండక్కి మెసేజీలు పెట్టుకుంటారు.

షుగరు పెరగడం చూసి ఏడాదికోసారి స్కాను, ఆరు నెలలకోసారి షుగరు అని ఇద్దరూ కలిసి రాశారు. ఏళ్ళ తరబడి వాచిన క్లోమానికి క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ, పొగ తాగితే మరీ ఎక్కువ. మా ఇంట్లో పొగ తాగేది మా ఆయన ఒక్కడే. నా నోటు పుస్తకంలో ఆవిడ ఆయన పేరు రాసి, పక్కన "మానాలి" అని రాసింది. ఆయన దాన్ని ఫోటో తీసి స్నేహితులకి పంపాడు. ఇప్పటికి ఎనిమిది నెలలైంది మానేసి.

పాపకి ఆరేళ్ళు. నా నుంచి ఒక కాపీ ఎలాగూ వెళ్ళింది. మా ఆయన బంధువు కాదు, ఆయనకి పరీక్ష చేయిస్తే లేదని తేలింది. అయినా అత్తగారు "పిల్లకి ముందుజాగ్రత్తగా ఏదైనా కషాయం రాయించు" అని పట్టుబట్టారు. తీసుకెళ్ళాను. వైద్యురాలు పాప నాలుక చూసి, బుగ్గ గిల్లి, "దీనికి మందు లేదు, జబ్బు లేదు కాబట్టి. పోయి ఆడుకోమను" అని పంపేసింది. అత్తగారు బయటికొచ్చి, ఇంత దూరం వచ్చి ఖాళీ చేతులతో వెళ్ళడమేంటని చాలాసేపు సణిగారు.

మొన్న తమ్ముడి స్నేహితుడు ఒకతను ఫోన్ చేశాడు. వాళ్ళ అన్నయ్యకి ఇదే జబ్బు, మూడుసార్లు స్టెంటు పడింది. "అక్కా, మీకు తగ్గిన ఆ మందు పేరు చెప్పండి చాలు, ఆన్‌లైన్లో తెప్పించుకుంటాం" అన్నాడు. అన్నయ్య ఎంజైమ్ క్యాప్సూల్స్ ఎప్పుడు వేసుకుంటున్నాడని అడిగాను. తినే ముందు, ఇరవై నిమిషాలు గ్యాప్ ఇచ్చి అన్నాడు. రేపటి నుంచి మొదటి ముద్దతో వేసుకోమని, అది కూడా వాళ్ళ డాక్టరుని అడిగాకే అని చెప్పాను. మందు పేరు మళ్ళీ అడిగాడు. వైద్యశాల అడ్రసు ఇచ్చాను. ఓపీ పొద్దున తొమ్మిదికి మొదలవుతుంది, ఫైలు మొత్తం తీసుకెళ్ళండి, ఒక్క కాగితం తగ్గినా ఆవిడ వెనక్కి పంపేస్తుంది అన్నాను.